నలభై నాలుగు

ఇమాం సారు బోర్డు మీద బాణం గీసిండు.
ఎడమ దిక్కు సున్నపురాయి,
కుడి దిక్కు సున్నం,
దాని పక్కన పైకి పోయే బొగ్గుపులుసు వాయువు.
"ఇటు ఎన్ని పరమాణువులో అటు అన్నే.
ఒక్కటి తక్కువైనా సమీకరణం ఒప్పుకోదు."

నేను కాపీల దించుకోలే.
వాడపల్లి దారిల బట్టీ కండ్ల ముందట మండింది.

మూడు రాత్రులు మంట కాస్తడు మా నాయిన జానయ్య.
మిర్యాలగూడ నుంచి కొత్త గుమాస్తా వచ్చిండు,
రాయి ఎక్కంగ ఒక అంకె,
సున్నం దిగంగ ఒక అంకె.
"పది టన్నులు పోసినవ్, ఐదున్నర తీసినవ్.
మిగిలింది ఏడ వోయింది జానయ్యా?"

రాయి కాలితే తేలికైతదని నాయినకు ఎరుకే,
ఎందుకో చెప్పరాదు.
చెప్పరానిదానికి వాళ్లు దొంగతనమని పేరు పెట్టిన్రు.
ఆ వారం కూలిల ఎనిమిది వందలు కోసిన్రు.

కాల్షియం నలభై, కార్బన్ పన్నెండు,
ఆక్సిజన్ పదహార్లు మూడు.
వంద.
వందల సున్నం యాభై ఆరే.
పది టన్నులకు ఐదు టన్నుల ఆరు వందల కిలోలు.
నాయిన దించినదానికి వంద కిలోలు తేడా:
గంపల అంటింది, నేల రాలింది,
కొంచెం మా అమ్మ కనురెప్పల మీద కూసున్నది.
మిగిలిన నాలుగు టన్నుల నాలుగు వందలు గాలి.

"సార్, గాలిని గూడ తూకమేస్తరా?"
క్లాసంత నవ్వింది. సారు నవ్వలే.
"ఎయ్యకుంటే లెక్క కుదరదు బిడ్డా."

లెక్క చేసిన కాయితం మడిచి
నాయిన అంగీ జేబుల పెట్టిన.
గుమాస్తా రెండుసార్లు చదివిండంట,
మూడోసారి కండ్లద్దాలు తీసి అడిగిండంట,
"గాలికి రశీదు ఉన్నదా?"

ఎనిమిది వందలు రాలే.

పండుగ లేదు పబ్బం లేదు, అయినా అమ్మ
బట్టీల మిగిలిన పొడి తెచ్చి నీళ్లు పోసింది.
కుండ బుసకొట్టింది, ఉడికింది, సల్లారింది.
గోడకు పూసినం.
పూసిన సున్నం గాలిల నుంచి ఆ వాయువును
మల్ల తాగుతదని, నిదానంగ రాయి అయితదని
సారు చెప్పిండు.
వందకు నలభై నాలుగు, మొత్తం.

మాపటికి నాయిన గోడకు ఒరిగి బీడి ముట్టించిండు.
లేస్తుంటే చూసిన, వీపంత తెల్లగ అంటింది.
అంటే గోడ ఇంక రాయి కాలే,
తాగాల్సింది చాన ఉన్నది.

దులపబోయిన చెయ్యి ఆపుకున్న.