రంగు పట్టని చోటు

గుంటూరు కొత్తపేటలో రెండో అంతస్తు.
కింద మందుల షాపు, పైన మా ల్యాబు.
మధ్య మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు
సీసా పట్టుకుని కూర్చునే ఉంటారు.

నాంచారయ్య సీసాని ఆయన తోడల్లుడు తెచ్చాడు,
పక్క వీధి నర్సింగ్ హోం నుంచి,
క్యారీబ్యాగులో, అరటిపళ్ళ పక్కన.
ఫార్మలిన్ అడుగున మూత్రాశయపు ముక్కలు,
నానిన శనగపప్పు అంత.
కాగితం మీద: వయసు అరవై రెండు. మంగళగిరి.
పని: నూలుకి రంగులు అద్దడం.

మొదటిసారి ఎర్రగా పోసినప్పుడు
ఆయన భయపడలేదట.
ఆ రోజు కాగులో మిరపపండు రంగు.
చేతుల్లోంచి దిగి ఉంటుందిలే అనుకున్నాడు.
రెండోసారి పోసిన రోజు
కాగులో ఉన్నది నీలం.

మైనపు దిమ్మలోంచి నాలుగు మైక్రాన్ల పొర కోస్తాను.
గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే
అదే ముడతలు విప్పుకుంటుంది.
"ఏసుపాదం, ఈ-క్యాడ్‌హెరిన్ వేసి చూడు"
అంది రహంతున్నీసా మేడం.

కణాన్ని కణం పట్టుకునే చెయ్యి అది,
పాఠంలో అలాగే చదువుకున్నాను.
నాకు మాత్రం మిర్చి యార్డులో
టిక్కీల మూతి కుట్టే పురికొస గుర్తొస్తుంది.
ఉన్నంతకాలం ఎవరి కంటా పడదు.
ఊడిందా, వీధి వీధంతా తుమ్ములే.

ఆ చెయ్యి ఉన్నచోట గోధుమరంగు తేలాలి.
ఆ రంగునిచ్చే పొడి సీసా మీద పుర్రె బొమ్మ.
బెంజిడిన్ దాని ఇంటిపేరు.
నాంచారయ్య ముప్పై ఏళ్ళు మోచేతుల దాకా ముంచిన
రంగుల్లో కొన్నిటిదీ
ఆ ఇంటిపేరే.
నేను రెండు జతల గ్లోవ్స్ వేసుకుంటాను.
ఆయనకి ఒక జతైనా వేసుకోమని ఎవరూ చెప్పలేదు.
దొంగని పట్టడానికి వాడి దాయాదినే పంపుతున్నామా
అనిపిస్తుంది ఒక్కోసారి.
అనిపించినా టైమర్ చూసుకుంటాను.
ఐదు నిమిషాలు. దాటితే అంతా మరకే.

రిపోర్టుకి ఆయనే వచ్చాడు,
మెట్ల మలుపులో ఆగి, మళ్ళీ ఎక్కి.
గోళ్ళ అంచున ఇంకా నీలం.
"నా ముక్క నేను చూడొచ్చా?"
అలా ఎవరూ అడగరు. మేడం లేచి స్టూలు జరిపింది.

కన్ను ఆనించి చాలాసేపు ఊరుకున్నాడు.
ఒక మూల ఇంకా మంచి పొరే:
కణం పక్కన కణం, గోధుమ గీత తెగకుండా,
గళ్ళ లుంగీలా.
స్లైడు జరిపాను. గీత పలచబడింది.
ఇంకాస్త జరిపాను. తెగింది.
ఇక అన్నీ నీలి చుక్కలే,
దేని దారి దానిదిగా,
కండ వైపు మొహం తిప్పుకుని.

"ఇక్కడ రంగు పట్టలేదు బాబూ" అన్నాడు.
"నీళ్ళు కాగలేదా?"
కాగాయి. అదే కాగు, అదే మంట.
పక్కన మంచి కణజాలం స్లైడు పెట్టి చూపించాను.
నిండుగా పట్టింది.
తల పైకెత్తాడు.
"అయితే లోపం రంగుది కాదు. నూలులోనే
పట్టుకునేది పోయింది."
మేడం ఏళ్ళ తరబడి చదివిన సంగతి
ఆయన నోట అలా వచ్చేసింది.

"మళ్ళీ అద్దలేరా?"

మా దగ్గరున్నది చూసే రంగే,
నిలబెట్టే రంగు కాదు.
మేడం మెల్లగా చెప్పింది:
ఇదొక్కటే ఏదీ తేల్చదు,
కండలోకి దిగిందో లేదో ఇంకోసారి తీసి చూడాలి,
ఈ తెల్లబోయిన చోటు మాత్రం
ఆలస్యం చెయ్యొద్దంటోంది.

విన్నాడు. రిపోర్టు నాలుగు మడతలు పెట్టాడు.
గుమ్మం దగ్గర తిరిగి నా చేతులు చూశాడు.
"ఆ తొడుగులు ఎక్కడ అమ్ముతారు?
కాగు దగ్గర మేనల్లుడున్నాడు. పంతొమ్మిదేళ్ళు."

కింద షాపులోనే, అన్నాను.

కాసేపటికి మెట్ల మీంచి బేరం వినిపించింది,
డబ్బా ధర కాడికి కాదు,
లోపల వందా ఉన్నాయో లేదో
విప్పి లెక్కపెట్టమని.