మొప్ప ముక్క

ముత్తుకూరు రోడ్డులో మా ల్యాబు.
తలుపు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు వాయల పోలయ్య.
నీళ్ల కవర్లో నాలుగు రొయ్యలు,
ఒకటి ఇంకా మీసం ఆడిస్తోంది.

మొప్ప చిదిమి గాజు పలక మీద పరిచాను.
రంగు వెయ్యక ముందు
అందులో ఎవరూ లేరు.
కలి మీద తేట నీళ్లు, అంతే.

ఊదా రంగు కేంద్రకం తాగుతుంది,
గులాబీ, దాని చుట్టూ ఉన్న పల్చటి ఇల్లు.
ఏ రంగు తాగితే ఆ పేరు.
బతికున్నంతసేపూ తాగదు.

"నేనూ జూస్తా మే" అన్నాడు.
ఒక కన్ను మూసి వంగాడు.
"నల్లంగా పుల్లలుండాయే?"
"అవి నీ రెప్పవెంట్రుకలు.
కాస్త ఎడంగా జరుగు."

జరిగాడు. ఊపిరి బిగబట్టాడు.
"ఈ ఊదా గుండ్లు గదంతా నిండిపోయుండాయి,
కొన్నేమో ఆవగింజలంతే.
వీట్లో మంచియ్యి ఏవి?"

ఆవగింజలు, అన్నాను.

లెక్కపెట్టడం మొదలుపెట్టాడు
బల్ల మీద వేలు తాటిస్తూ,
ఒకటి, రెండు...
నేను స్క్రూ తిప్పలేదు,
పలక జరపలేదు.

పట్టుబడికి చెప్పిన ఐసు బండి
బయట కారుతూనే ఉంది.