ముద్ర పడని వేళ్లు

తోతాపురి తొడిమ తుంచినప్పుడు
ఒక చుక్క చిమ్ముతాది.
సొన.
కంటికి అది నీళ్లే.
చర్మానికి తెలుసు అదేందో.

సీజన్ రెండు నెలలు.
ఎన్ని కాయలు కోసినామో ఎవురూ రాసిపెట్టలా,
లెక్కంతా వేళ్ల మీదనే ఉండాది:
గీతలు అరిగి అరిగి
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు.
కొంగుకు తుడిచి పెడితే ఎర్రలైటు.
నోటి ఆవిరి ఊది పెడితే
"దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంటాది
లోపలుండే ఆడగొంతు,
మేస్త్రీ కంటే మర్యాదగా.

చెంగమ్మకు అట్ల జూన్‌లో తొమ్మిది దినాలు పోయినాయి.
తొమ్మిది దినాలు కాయ కోసింది,
తొమ్మిది దినాలూ రాలేదని పడింది.
"మిషన్ అబద్ధం చెప్పదు కదమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.
చెంగమ్మ ఏడవలా, అరవలా.
"అయితే నేను రాలేదేమో నాయనా,
మరి ఈ పుండ్లు ఎవురివి?" అనింది.

మా సంఘం ఆడ మొదలైంది.
జెండా చానా తరవాత వొచ్చింది.

గుడియాత్తం రోడ్డులో
షంషాద్ వాళ్లన్న టైలర్ అంగడి మిద్దె మీద
ఆదివారం రాత్రి పద్నాలుగు మందిమి,
గుడ్డపేలికల మీద కూచున్నాం.
అరగొండ బస్సు పోతాదని
సెల్వి ఆఖరి దాకా గడప మీదనే నిలబడింది.
మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో
మునుపు సంఘం నడిపిన చెంగల్రాయుడన్న
దగ్గుకుంటా చెప్పినాడు:
"మైకు వద్దు. ముందు మినిట్స్ పుస్తకం కొనండి.
ఎవురు ఏమన్నారో రాయండి,
వద్దన్నోళ్లు ఏమన్నారో అదీ రాయండి.
నెలకు ఇరవై రూపాయల చందా.
రసీదు చింపకుండా రూపాయి ముట్టుకుంటే
మీకూ మేస్త్రీకీ తేడా లేదు."

పది చదివినానని నన్ను కోశాధికారిని చేసినారు.
బూస్టు డబ్బా నా ఖజానా.

దరఖాస్తు మీద సంతకాలు కావల్ల,
సంతకం రానోళ్లు వేలిముద్ర.
చెంగమ్మ సిరాదిండు మీద వేలద్ది కాగితం మీద ఒత్తింది.
ఒక్క గీత పడితే ఒట్టు,
నేరేడుపండు నలిపినట్టు నున్నటి మచ్చ.
లేబరాఫీసు గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసి
"ఇది ముద్ర కాదు, మరక" అన్నాడు.
"అయ్యా," అన్నాడు చెంగల్రాయుడన్న,
"మా మొదటి డిమాండు అదే."

వారం తిరక్కముందే మునెమ్మను నిలిపేసినారు.
మరుసటి పొద్దున షిఫ్టు గేటు బయటే కూచునింది.
అందరమూ కాదు, రాసింది రాసినట్టు చెప్తాను:
నలభై ఇద్దరు బయట, పంతొమ్మిది మంది లోపల,
లోపలికి పోయినోళ్లలో మా ఆడబిడ్డ ఒకతి.
కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడిపోయినాయి.
రెండు రాత్రులు వరసలో పడుకున్న రైతొకాయన దగ్గరికొచ్చి
"మెత్తబడిపోతాండాయి తల్లీ" అన్నాడు.
తిట్టినా బాగుండు.
నా దగ్గర జవాబు లేదు.
ఆ దినం ఖర్చులో
మజ్జిగకు నూట నలభై అని రాసినాను,
ఎవురికని రాయలా.

మూడో దినం సాయంత్రం లోపలికి పిలిచినారు.
సెల్వి మాట్లాడింది, బస్సు మాట ఎత్తకుండా.
గ్లౌజులు ఇస్తామన్నారు.
హాజరుకు మళ్లా పుస్తకం పెడతామన్నారు.
తొమ్మిది దినాల కూలికి ఆరు దినాలది ఒప్పుకున్నారు.
మునెమ్మకు పని, రాత్రి షిఫ్టులో.
పీఎఫ్ సంగతికి "చూస్తాం" అన్నారు.
ఆ మాట అట్లనే మినిట్స్‌లో ఉండాది,
కింద మేనేజరు సంతకంతో.

గ్లౌజులు వొచ్చినాయి, మగోళ్ల సైజువి.
మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు మేమే కొనుక్కున్నాం.

ఇప్పుడు కార్తీకం. ఫ్యాక్టరీకి తాళం.
సంఘం మాత్రం నా చేతి సంచిలో
ఇంటింటికీ తిరుగుతాంది.
చెనక్కాయలు ఒలుస్తాండే చెంగమ్మ
ఇరవై తీసిచ్చి, రసీదు అడిగి తీసుకొని,
వేలెత్తి నా మొకానికి చూపించింది.
సన్నంగా, కొత్తగా, మడక చాళ్ల మాదిరి
గీతలు.
"వొచ్చినాయి చూడుమే. జూన్‌కి మళ్లా పోతాయి" అనింది.

జూన్ లోపల పీఎఫ్ సంగతి అడగల్ల.
రసీదు నంబరు ముప్పై ఒకటి.