చెరగడం

నవంబరులో ఔలు పట్నంలో
మధ్యాహ్నం మూడింటికే పొద్దు మూట సర్దుకుంటుంది.
వెలుతురును పొదుపుగా వాడమని
ఇక్కడివాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రి నేలమాళిగలో
తూలిక్కి ఒక అంకె తగ్గించింది.
అంతే,
తెరంతా ఇసుక రాలింది.

కిరణాల్ని నాలుగో వంతు చేస్తే
గరుకు రెట్టింపవుతుంది.
ఈ లెక్కతో బేరమాడి గెలిచినవాళ్ళు లేరు.

బల్ల మీద ఉన్నది ఇంకా మనిషి కాదు,
నీళ్ళు నింపిన ప్లాస్టిక్ డొల్ల.
ఎముకల బదులు కడ్డీలు,
జబ్బుకి బదులు వరుసగా పూసలు,
అన్నిటికన్నా చిన్నది ఆవగింజంత.
రాత్రి పదింటిదాకా తీసిన బొమ్మే మళ్ళీ తీశారు.
దానికి నొప్పి లేదు, పేరు లేదు,
ఎంత కాల్చినా అడిగే అమ్మ లేదు.

పేరున్నవాడు రేపొస్తాడు.
ఓత్సో. ఆరేళ్ళు.
తలలో నీరు చేరకుండా
చెవి వెనక, చర్మం కింద సన్నటి గొట్టం.
ఇది పదకొండోసారి.
వాళ్ళమ్మ ప్రతి తేదీనీ నీలం నోటుపుస్తకంలో
అప్పు పద్దులా రాసుకుంటుంది.
"అన్నీ కూడితే ఎంత?" అని ఒకసారి అడిగింది.
తూలిక్కి అంకె చెప్పింది. చెప్పి,
"ఇది వేలమంది పిల్లల సంగతి చెబుతుంది,
మీవాడి సంగతి దీనికి తెలీదు" అంది.
ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది.

కంప్యూటరుకి కొత్త విద్య నేర్పారు,
ఇసుకని ఏరి పారేసే విద్య.
బొమ్మ ఇస్త్రీ చొక్కాలా వచ్చింది.
గదిలో చప్పట్లు.
ముసలి డాక్టరు రైమో
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగాడు.
"ఎంత బావుందో!
అందుకే నమ్మబుద్ధి కావటం లేదు.
ఆవగింజ ఏదీ?"

ఇసుకతో పాటు పోయింది.

చెరగడానికీ చెరపడానికీ
ఒక్క అక్షరమే అడ్డం.
చేట పట్టిన చేతులకి తెలుసు,
పొల్లుని ఎగరేసే గాలే
కాస్త విసురు హెచ్చితే
గింజనీ ఎత్తుకుపోతుంది.

ఏరిన ఇసుకలో సగం
మళ్ళీ తెచ్చి పోశారు.
ఉండనీ కొంచెం గరుకు,
చూపు జారిపోకుండా
పట్టు దొరకాలి కదా.

పొద్దున్నే ఓత్సో వచ్చాడు,
ఒక కాలికే మేజోడుతో.
తూలిక్కి బల్లని రెండు వేళ్ళ ఎత్తు లేపింది,
తల చక్రానికి నట్టనడుమకి వచ్చేదాకా.
ఈ రెండు వేళ్ళకి ఎవరూ చప్పట్లు కొట్టరు.
తర్వాత చెవిలో చెప్పింది:
"గడ్డకట్టిన సరస్సు మీద నక్క నడుస్తోంది.
నువ్వు కదిలావో, మంచు చిట్లుతుంది."

నాలుగు సెకన్లు.
రెండోసారి తీయాల్సిన పని పడలేదు.
ఏ విద్యా తగ్గించలేనంత
అక్కడే తగ్గింది.

బొమ్మ అందంగా లేదు,
కిటికీ అద్దానికి పొడిమంచు పట్టినట్టుంది.
ఆ మంచు లోంచి
రెండు నల్లటి రెక్కల్లా నీటి గదులు,
వాటిలో ఒకదాని అంచున
గొట్టం కొస, ఉండాల్సిన చోటే.
రైమో కళ్ళజోడు దించుకున్నాడు.
"చాలు" అన్నాడు.
ఆ గదిలో ఆ మాటని
అంత ఇష్టంగా ఎవరూ అనలేదు.

అమ్మ నీలం పుస్తకం తెరిచింది.
పన్నెండో గీత కోసం చోటు వదిలి
పదకొండో అంకె వేసింది,
పదో దానికన్నా చిన్నది.

మేజోడు లేని కాలు ఊపుతూ ఓత్సో అడిగాడు,
"నక్క అవతలికి చేరిందా?"

తూలిక్కి అబద్ధం వెతుక్కుంది,
దొరకలేదు.
"సగం దాటింది" అంది.