కాకిబంగారం

సైదాపురంలో బస్సు దిగితే
రోడ్డు మెరుస్తుంటుంది.
వాన పడలేదు. లారీల్లోంచి రాలిన పొడి అది.
చెప్పుల్లో, మేకల గిట్టల్లో, టీకొట్టు బెంచీ సందుల్లో
మిణుకు మిణుకు.

నేను గూడూరులో కెమిస్ట్రీ చెబుతాను.
ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద రెండు గీతలు గీస్తున్నాను:
కింద నిండినది, పైన ఖాళీది,
మధ్యలో దాటరాని ఎడం.
"రాగిలో ఈ ఎడం ఉండదు,
ఎలక్ట్రాన్లు సంతలో జనంలా తిరుగుతాయి.
అభ్రకంలో ఉంది,
సీటు దొరికిన ప్రయాణికుల్లా కూచున్నచోటే కూచుంటాయి."
పిల్లలు రాసుకుంటారు. నాలుగు మార్కుల ప్రశ్న.
ఆ ఎడాన్ని నేనెప్పుడూ చేత్తో తాకలేదు.

రేకుల షెడ్డులో మస్తానమ్మ.
ఒళ్ళో గోనెపట్టా, చేతిలో విరిగిన కొడవలితో చేసిన కత్తి,
పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.
పుస్తకంలాంటి రాయి తీసుకుంది,
చదవబోయేదానిలా అంచు వెతికింది.
"బలవంతం జేస్తే ముక్కలైపోతాది సారూ.
ఏడ వొదులుగా ఉండాదో
అదే జెప్తాది."

ఏడో నాకు తెలుసు.
నాలుగు సిలికాన్లు ఉండాల్సిన చోట
ఒకదానికి బదులు అల్యూమినియం వచ్చి కూచుంటుంది.
మూడు చేతులది, నాలుగు చేతుల పనికి ఒప్పుకుంది.
ఒక ఎలక్ట్రాన్ తక్కువ.
పొరల నడుమ నిలబడ్డ పొటాషియం
తనకున్న ఒక్కదాన్నీ ఇచ్చేసి ఆ వెలితి పూడుస్తుంది.
ఇచ్చాక ఎటూ పోదు.
పైనా కిందా పన్నెండు ఆక్సిజన్లు,
పన్నెండు ఇళ్ళకు పోసిన ఒక్క గిద్దెడు పాలు,
పట్టు పలచన.
సరిగ్గా అక్కడే
మస్తానమ్మ కత్తి దిగుతుంది.

"దీంట్లో ఎన్ని పొరలుంటాయి సారూ?"
గోరు మందం రేకు చూపించింది.
"మూడు లక్షలుండొచ్చు."
కత్తెర పట్టుకున్న రమీజాబీ పగలబడి నవ్వింది.
"అయితే అక్కా, ఈ జన్మలో
నువ్వు ఒక్క రేకు గూడా పూర్తి జెయ్యలేవు!"
మస్తానమ్మ నవ్వలేదు.
"కూలి కిలోలకి గాకుండా
పొరలకిస్తే ఎంత బాగుండు."

ఎందుకో మా వీధి కాసింవలి గుర్తొచ్చాడు.
పాడైన ఇస్త్రీపెట్టెలు విప్పి
కాలిన రేకులు నాకు ఆడుకోడానికి ఇచ్చేవాడు.
ఎర్రగా మండే తీగను ఏళ్ళ తరబడి వీపున మోసి
ఒక్క ఎలక్ట్రాన్‌నీ అవతలికి పోనివ్వని రేకులు.
అంచులు నల్లబడ్డా
ఎండకు పట్టుకుంటే ఇంకా మెరిసేవి.

పొద్దుగూకింది. కరెంటు పోయింది.
ఎవరూ లేవలేదు, చేతులకు దీపం అక్కర్లేదు.
"ఇట్టా దగ్గిరికి రాండి సారూ.
పిల్లకాయలకి ఇది జెప్పబళ్ళా మీరు?"
కత్తి కదిలింది.
విడిపోతున్న అంచున
నీలంగా, మిణుగురు కన్నా సన్నగా
ఒక గీత వెలిగి, లేదు.
"మళ్ళీ," అన్నాను, పిల్లాడిలా.
మళ్ళీ చీల్చింది.

చీలిన పొరలు
తమ మధ్యవాణ్ణి సరిసమానంగా పంచుకోలేవు.
ఒకవైపు మిగులు, ఒకవైపు అప్పు.
భూమి లోపల ఎప్పుడో ముగిసిందనుకున్న లెక్క
గాలిలోకి దూకి తేల్చుకుంటుంది.
కూచున్నచోటే కూచుంటాయని
ఇరవై రెండేళ్ళు చెప్పినవాడు
గోనెపట్టా మీద మోకాళ్ళూని చూస్తున్నాడు.

"గుంటలో నైటు డ్యూటీలప్పుడు మా నాయన జూసి
దెయ్యమనుకున్నాడంట," అంది చీకట్లోంచి.
"నాకైతే తోడు."

ఆఖరి బస్సులో, కిటికీ పక్కన,
మోచేతికి ఒక రేకు ముక్క అంటుకునుంది.
గోటితో తీయబోయాను.
రెండయింది.