కొత్త కొలతలు

ఇవి పెండ్లి పరుపులు కుట్టిన చేతులు,
యాకుత్‌పురా గల్లీల నలభై యేండ్లు దూదేకినయి.
ఇప్పుడు కొలతలు వేరు.
మోకాళ్ల నడుమ జానెడు దిండు,
వీపెనక వాలుగ ఒకటి,
మడిమెలు పరుపుకు తాకకుంట
పిక్కల కింద ఇంకోటి, జర గట్టిగ.
మొదటిది మెత్తగయింది.
పొద్దుగాల చూస్తే మడిమె ఎర్రగున్నది,
పీరమ్మ చెప్పనేలేదు.

ఆఖరి రైలు కూతకు ఎడమకు.
కుక్కలు సల్లబడ్డంక కుడికి.
"గుంజొద్దు, దొర్లియ్యి" అన్నది నర్సమ్మ,
"తోలు పాత మల్లుగుడ్డ లెక్క చినుగుతది."
గుడ్డ సంగతి నాకు చెప్తున్నది!

ఇయ్యాల అజాన్‌కు ముందు మళ్ల లేసిన.
భుజం మీద చెయ్యి పడంగనే
కండ్లు తెరవకుండనే అన్నది:
"ఈ దిండుల గింజ ఉన్నదయ్యా."

కుట్టు విప్పి
వేళ్లతోని వెతికిన.
ఉన్నది, ఒక్క పత్తిగింజ.
పారెయ్యలే.