గరుకు ముక్క

ముహర్రఖ్ పాత సూక్ వెనక సందుల
మా కార్ఖానకు ఒక పొద్దు దానా వచ్చింది.
చేతిల కొలతలు లేవు, కాగితం మీద బొమ్మ లేదు.
"కట్టెతోని ప్రశ్నలు చేసియ్యాలె లింబాద్రీ" అన్నది.

తలుపులు చేసిన, సందూకలు చేసిన,
ఒక పెద్దాయన డేగ కూసునే కొయ్య గూడ చేసిన.
ప్రశ్నకు ఏ కట్టె ఆగుతదో
మా నాయిన నేర్పలేదు.

ఆమె చెప్పింది:
దవాఖానల కొత్త టోకెన్ మిషన్ పెట్టిండ్రు.
అద్దం మీద వేలు ఆనిస్తే చీటీ వస్తది.
ఎట్లున్నదని పెద్దోళ్లను అడిగితే
"జైన్, జైన్, అల్‌హమ్దులిల్లా" అంటరు.
ఐదు చుక్కల కాగితం ఇస్తే
ఐదింటికి ఐదూ నింపి, పెన్ను తుడిచి ఇస్తరు.
అడిగిన పిల్ల చిన్నబోవద్దు గద.
తెల్లారి మాత్రం ఆ మిషన్ దిక్కు రారు,
చీటీ కోసం డ్రైవర్‌ను తోలుతరు.

నోటికి మర్యాద ఎక్కువ.
చేతికి అంత చదువు లేదు.

పదకొండు ముక్కలు చేసిన.
ఒకటి నున్నగ, వెన్న రాసినట్టు.
ఒకటి చిన్నదే గని లోపల సీసం పోసిన, ఎత్తబోతే ఉలిక్కిపడాలె.
ఒక గుండీ తిప్పితే తిరుగుతది.
అసొంటిదే ఇంకొకటి, ఎంత తిప్పినా తిరగదు.
మూత తీస్తే ఏమీ లేని డబ్బీ ఒకటి.
ఇంకొక ముక్క, చిత్రిక పట్టనిది,
రంపం కోసింది కోసినట్టే ఉన్నది.
దాన్ని ఆమె అడగలేదు. నేను పెట్టలేదు.
పొట్టుతోని పాటు పెట్టెల వడ్డది.

దవాఖాన వెనక గదిల నల్ల చాయ్, యాలకుల వాసన.
ముక్క ఇరిగితే అతికిద్దామని
జిగురు డబ్బా పట్టుకొని నేను మూలకు నిలవడ్డ.

ఉమ్ హసన్ తిరగని గుండీ పట్టుకున్నది.
తిప్పింది. నవ్వింది. కొంగు సర్దుకొని మళ్ల తిప్పింది.
"నా పేరు తప్పు వడ్డనాడు గిట్లనే చేసిన" అన్నది.
దానా రాసుకున్నది.

హజ్జీ సల్మాన్ ఏ ముక్కనూ చూడలేదు, వాసన చూసిండు.
"సాజ్" అన్నడు నా దిక్కు తిరిగి. "మీ దేశపు చెట్టే."
ఒకప్పుడు పడవలు కట్టిన వడ్లాయన.
వేళ్లు పెట్టెల తిరిగి తిరిగి గరుకు ముక్క కాడ ఆగినయ్.
వద్దు వద్దు అని నేను ఉరికే లోపల
బొటనవేలుకు పేడు దిగనే దిగింది.

పంటితోని పీకి పారేసి ఆయన చెప్పిండు:
"ఆ అద్దానికి నా వేలు వేలు లెక్క కనవడలేదు బిడ్డా.
ఏడుసార్లు ఒత్తిన. వెనక లైన్ ఉన్నది.
ఎవరో పోరడు నా చెయ్యి పక్కకు జరిపి
తన వేలుతోని ఒత్తిండు."

గదిల ఎవ్వరూ చాయ్ తాగలేదు కొద్దిసేపు.

నా బొటనవేలు నేను చూసుకున్న.
ఎయిర్‌పోర్ట్‌ల మూడుసార్లు తుడిచి
నాలుగోసారి గట్టిగ అదిమితెనే
నేను నేనని ఒప్పుకునే మిషన్ యాదికొచ్చింది.
రందా తిన్నది ఆయన గీతలనూ నా గీతలనూ.

అందరూ పోయినంక ముక్కలు ఏరుతుంటే
గరుకుది గరుకు కాగితం మీదికి పోయింది, నా చెయ్యి అలవాటు.
దానా పట్టి ఆపింది.
"దాన్ని ముట్టకు. నీ వయసెంత?"
యాభై ఎనిమిది.
"అయితే నువ్వు గూడ కూసో.
ఇన్నేండ్ల సంది ఈడ నీకు ఎట్లున్నది?"

"జైన్" అన్న.

ఆమె ఏమనలేదు.
పెట్టెను నా ముందుకు జరిపింది.

తిరగని గుండీ నేను చేసిందే.
మేకు ఏడ కొట్టిన్నో, ఎంత లోతు కొట్టిన్నో
నాకు ఎరుకే.
అయినా
తిప్పి చూసిన.